చేరెరె గుడికి విముక్తి

గుడికి విముక్తి ప్రసాదిస్తున్నామని మున్సిపాలిటీవాళ్లు కాగితం అంటించింది ఎర్సీలియా బట్టీ తలుపు మీదే. విముక్తి ఎవరి నుంచి అంటే ఎర్సీలియా నుంచి. ఆమె రొట్టెల బట్టీ నుంచి, ఆ వరసలోని ఏడిళ్ల నుంచి, ఆ ఇళ్లలో పుట్టి పెరిగిన ముప్పై ఎనిమిది మంది నుంచి. గుడి ఏదో దొంగల చెరలో మగ్గుతున్నట్టూ, రోమ్‌లోని నల్లచొక్కాల ఫాసిస్టు ప్రభుత్వం గుర్రమెక్కి వచ్చి దాన్ని విడిపిస్తున్నట్టూ రాశారు.

అంటించినవాడు నజ్జరేనో, మున్సిపాలిటీ బంట్రోతు. ఆ వీధి పిల్లాడే. జిగురు చేతులు ప్యాంటుకి తుడుచుకుని జారుకోబోతుంటే ఎర్సీలియా పిండి చేత్తోనే వాడి చొక్కా పట్టుకుంది.

"చదువు."

"నీకు చదువొచ్చు కదక్కా."

"వచ్చు. నీ నోటితో వినాలనుంది. మీ అమ్మ నిన్న నా బట్టీలో ఆరు రొట్టెలు కాల్చుకెళ్లింది. అవి తిన్న నోటితోనే చదువు."

వాడు గొంతు సవరించుకుని చదివాడు. చేరెరె దేవత పురాతన ఆలయానికి అక్రమంగా అంటుకుని ఉన్న కట్టడాలన్నీ ఇరవై రోజుల్లో ఖాళీ చేయాలి. నివాసులకి కింద పల్లపు భూముల్లో కొత్త కాలనీలో రేకుల ఇళ్లు ఇస్తారు. బట్టీ లైసెన్సు రద్దు. కాలనీకి రొట్టె పట్నం నుంచి లారీలో వస్తుంది.

"లారీ రొట్టె!" అంది ఎర్సీలియా. ఇల్లు పోతుందన్న బాధ కంటే ముందు బట్టీ పోతుందన్న మాటే ఆమెకి తగిలింది. మొగుడు యుద్ధంలో పోయిన పద్దెనిమిదేళ్లుగా ఆమెను నిలబెట్టింది ఆ బట్టీ. ఐదు తరాలుగా మోంతెలారో ఊళ్లో నలభై ఇళ్ల ఆడవాళ్లు పిండిముద్దల్ని చెక్కబల్ల మీద పేర్చి, గుడ్డ కప్పి, నెత్తిన పెట్టుకుని వచ్చేది అక్కడికే. బట్టీ లేని ఎర్సీలియా అంటే ఎవరో ఆమెకే తెలియదు.

అక్రమంగా అంటుకున్నవట! ఎవరు ఎవర్ని అంటుకున్నారో ఆ రాళ్లకి తెలుసు. తాపీమేస్త్రీ అయిన ఎర్సీలియా తండ్రి ఒరేస్తేకీ తెలుసు. బతికున్నన్నాళ్లూ ఆయన కూతుర్ని వెంటేసుకుని, రాయి మీద వేలు పెట్టి మరీ ఆ కథ చెప్పేవాడు.

మొదట్లో స్తంభాలు పన్నెండు. పంటల దేవతకి కట్టిన గుడి. దేవతకి కాలం చెల్లాక బిషప్పు వచ్చి శిలువ పెట్టాడు. పెట్టినవాడు ఊరుకున్నాడా, గుడి కంచు తలుపులు కరిగించి తన గంట పోయించుకున్నాడు. తర్వాత పెద్ద భూకంపంలో మూడు స్తంభాలు పడ్డాయి. అప్పుడొచ్చాడు కార్డినల్, పోప్‌కి కుడిభుజంలాంటి మతపెద్ద. గుడి ముంగిట్లోనే సున్నపు బట్టీ పెట్టించి, పడ్డ మూడింటినీ పగలగొట్టి కాల్పించాడు. సున్నం బాగా తెల్లగా వచ్చిందని ముచ్చటపడి నిలబడ్డవి ఇంకో రెండు కూలదోయించాడు. నేల పాలరాయి పెకలించాడు. చివరికి దేవత విగ్రహాన్ని కూడా అందులోనే వేశాడు. ఆ సున్నం రోమ్‌లో ఆయన భవనానికి గోడపూత అయింది. ఆ పనిలో మిగిలిన రాళ్లతో మా ఊళ్లో చిన్న నీళ్లతొట్టి కట్టించి, దాని మీద తన పేరు చెక్కించి, పక్కన 'ఈ ఊరి దాత' అని కూడా చెక్కించుకున్నాడు. సిగ్గు అనేది పెద్ద టోపీల కింద పట్టదేమో.

ఆ తర్వాత వంతు ఈ సీమని ఏలిన డ్యూక్‌ది. ఆయన భార్యకి తమ భవనం మెట్లెక్కేటప్పుడు రెండు పక్కలా స్తంభాలుంటే బాగుంటుందనిపించింది. నాలుగు పట్టుకెళ్లాడు. ఫ్రెంచి సైన్యం వచ్చినప్పుడు మిగిలిన దాంట్లో గుర్రాలు కట్టేసుకుంది. అందరూ పోయాక మిగిలినవి మూడు స్తంభాలు, వాటి నెత్తిన ఒక బరువైన రాతిదూలం. పక్కన ఆనుకోవడానికి ఏమీ లేదు. పెళ్లివిందులో తాగి ఒకరి భుజం ఒకరు పట్టుకున్న ముగ్గురిలా ఊగుతూ నిలబడ్డాయి. అప్పుడు ఇళ్లు లేని జనం వచ్చి వాటి మధ్య గోడలు కట్టుకున్నారు. ఆ గోడలు పట్టుకున్నాయి కాబట్టే స్తంభాలు నిలిచాయి. పేదవాడు ఒక్కడే ఆ గుడి నుంచి ఏమీ పట్టుకుపోలేదు. పట్టుకుపోవడానికి వాడికి వేరే చోటు ఉంటే కదా!

ఆర్కిటెక్టు వాల్దంబ్రీనిగారు నాలుగో రోజున రోమ్ నుంచి వచ్చారు. తెల్లబూట్లు వేసుకుని, మసి పట్టిన రెండో స్తంభాన్ని చూడగానే చేతులు జోడించినంత పనిచేశారు.

"ఈ మసి చూశారా? బర్బరులు పెట్టిన నిప్పు. పదిహేను వందల ఏళ్ల నాటిది."

"అది పోయిన శనివారందయ్యా," అంది ఎర్సీలియా. "తడికట్టెలు తెచ్చారు. పొగ ఎక్కువైంది."

వెనకాల నిలబడ్డ జెలింద కిసుక్కున నవ్వింది. జెలింద అంటే నజ్జరేనో తల్లి, ఆ వీధికంతటికీ పిన్ని. ఆర్కిటెక్టుగారి మొహం మాడింది.

ఎర్సీలియా ఆయన్ని బతిమాలి లోపలికి తీసుకెళ్లింది. బట్టీ వెనక గోడ మూడో స్తంభాన్ని కౌగిలించుకున్నట్టు ఉంటుంది. పందొమ్మిది వందల పదిహేను జనవరి భూకంపంలో ఆ స్తంభం అడుగు నుంచి మనిషి ఛాతీ ఎత్తు దాకా చీలింది. ఒరేస్తే గోడని మందంగా పెంచి స్తంభానికి ఊతమిచ్చి, చీలికకి అడ్డంగా ఒక సన్నటి గాజుపలక సున్నంతో అతికించి, తేదీ రాశాడు. మా తాపీవాళ్లు దాన్ని వేగు అంటారు. రాయి వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది, లోపల ఏం జరుగుతోందో చెప్పేస్తుంది. పందొమ్మిదేళ్లుగా ఎర్సీలియా ప్రతి పొద్దునా మొహం కడుక్కోకముందే దాన్ని చూస్తుంది. ఒక్కసారీ పగల్లేదు.

"చూడండి, గాజు చెక్కుచెదరలేదు. ఈ గోడ ఉంది కాబట్టే. ఇళ్లు పడగొడితే పడగొట్టండి, ఈ ఒక్క గోడా ఉంచండి. దాంతోపాటు బట్టీ కూడా ఉండిపోతుంది, ఎవరికీ అడ్డం రాదు. గోడ తీస్తే మూడోది నిలబడదు."

"అమ్మా, నువ్వు రొట్టెలు కాలుస్తావా, స్తంభాలు లెక్కకడతావా?"

"మా నాన్న మేస్త్రీ అండీ."

"మా నాన్న డాక్టరు. అలాగని నేను నీ కడుపు కోస్తానా?" అని తన మాటకి తనే నవ్వుకుని, గాజుపలక మీద వేలితో టకటక కొట్టి, ఆయన వెళ్లిపోయారు. ఎర్సీలియాకి ఆ వేలు విరిచేయాలనిపించింది.

ఆ సాయంత్రం బట్టీ ముందు ఆడవాళ్లంతా చేరారు. ఏడుపులు, శాపనార్థాలు అయ్యాక జెలింద నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది.

"ఏడ్చింది చాలు. బట్టీలో రొట్టె ఉండగా సర్కారు మనిషి గడప దాటకూడదు. అవునా కాదా?"

అవును. మోంతెలారోలో ఆ ఆచారం ఎప్పటి నుంచి ఉందో ఎవరూ చెప్పలేరు. లోపల కాలేది వీధందరి రొట్టె, ఒకడి తప్పుకి అందరి తిండీ పాడుచేయకూడదని దాని అర్థం. డ్యూక్ మనుషులు పన్ను వసూలుకి వచ్చినా టోపీ తీసి, రొట్టె బయటికి వచ్చేదాకా గుమ్మంలో నిలబడ్డవాళ్లే.

"అయితే రొట్టె అయిపోనివ్వం," అంది జెలింద.

గడువు ముగిసిన రోజు నుంచి బట్టీ ఆరలేదు. ఒకరి రొట్టెలు తీసేలోపు ఇంకొకరివి లోపలికి వెళ్లాలి. నలభై ఇళ్లు వంతులు వేసుకున్నాయి. ద్రాక్ష కొమ్మలు అయిపోతే ఆలివ్ మొద్దులు, అవీ అయిపోతే విరిగిన కుర్చీలు. పొద్దున్నే నజ్జరేనో కాగితం పట్టుకుని గడప బయట నిలబడేవాడు.

"రొట్టె ఉందా అక్కా?"

"ఉంది."

"ఎవరిది?"

"మీ అమ్మది. లోపలికొచ్చి చూస్తావా?"

"అమ్మో! మా అమ్మ చంపేస్తుంది," అని కాగితం మీద 'మంట ఉన్నది, రొట్టె ఉన్నది' అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి వెళ్లేవాడు. అలా పదకొండు రోజులు. ఊళ్లో రొట్టె ఎంత మిగిలిపోయిందంటే పందులు కూడా మొహం తిప్పుకున్నాయి. ఎర్సీలియా కళ్లు ఎర్రబడి, జుట్టు పిండిలో మునిగి, నిలబడే కునుకు తీసింది. అయినా ఆ పదకొండు రోజులూ ఆమె ఎప్పుడూ లేనంత హుషారుగా ఉంది. గెలుస్తున్నామనుకుంది. సర్కారుకి కూడా మా ఆచారం అంటే గౌరవం ఉంటుందనుకుంది. ఎంత పిచ్చిదో!

పన్నెండో రోజు పొద్దున ఆమె గాజు చూసింది. చెక్కుచెదరలేదు. జెలింద ఆరు రొట్టెలు లోపల పెట్టి పొడుగు చెక్కపార మూలన ఆనించింది. అప్పుడే వెనకవైపు నుంచి ధనధనమని చప్పుడు మొదలైంది.

వాల్దంబ్రీనిగారు పట్నం నుంచి నలుగురు కూలీలను తెచ్చారు. ముందు గుమ్మం వంక కూడా చూడలేదు. వెనక కొండ మీద నుంచి పైకప్పు ఎక్కించి, సరాసరి ఆ గోడే పడగొట్టిస్తున్నారు. ఎర్సీలియా బయటికి పరుగెత్తి పైకి చూసి అరిచింది.

"అయ్యా, రొట్టె ఉంది లోపల!"

"నేనెక్కడ గడప దాటానమ్మా?" అన్నారాయన కొండ అంచున నిలబడి నవ్వుతూ. "మీ ఆచారానికి ఏ లోటూ రానివ్వలేదు."

ఎర్సీలియా వెనక్కి తిరిగింది. లోపలికి వచ్చి గాజు ముందు నిలబడింది. పైన గునపం దిగినప్పుడల్లా చీలికలోంచి పొడి రాలుతోంది. నాలుగు దెబ్బలు, ఐదు దెబ్బలు. ఆరో దెబ్బకి గాజు టక్కుమని రెండు ముక్కలయింది.

"వేగు పగిలింది!" అని ఎర్సీలియా పెట్టిన కేక కొండకి తగిలి తిరిగి వచ్చింది. "దిగండ్రా! వేగు పగిలింది, దిగండి!"

ఆర్కిటెక్టుగారికి ఆ మాట అర్థం కాలేదు. కూలీలకి అర్థమైంది. ఏ ఊరి తాపీవాడైనా ఆ మాట వింటే పనిముట్టు పారేసి పరుగెత్తుతాడు. నలుగురూ గునపాలు వదిలేసి కొండవైపు దూకారు. "ఎక్కడికిరా? ఒక ఆడదాని అరుపుకి పారిపోతారా?" అని ఆయన ఇంకా కేకలేస్తూనే ఉన్నారు. ఎర్సీలియా జెలింద రెక్క పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చింది. మూడో స్తంభం తొందరేమీ లేనట్టు మెల్లగా వంగి, రాతిదూలాన్ని వెంటబెట్టుకుని, బట్టీ మీద పడింది. దుమ్ము అణిగాక చూస్తే బట్టీ లేదు. భూకంపాలూ బిషప్పులూ డ్యూకులూ సైన్యాలూ పడగొట్టలేని స్తంభాన్ని, విముక్తి చేయడానికి వచ్చినాయన అరగంటలో పడగొట్టాడు.

"నా ఆరు రొట్టెలు," అంది జెలింద. ఆ తర్వాత కూలబడి ఏడ్చింది.

కాలనీలో రేకుల ఇళ్లు మధ్యాహ్నానికల్లా పెనంలా కాలేవి. చుట్టూ ఆరీ ఆరని బురద, దోమలు. లారీ వారానికి రెండుసార్లు వచ్చేది, కొన్ని వారాలు అసలు రాలేదు. వచ్చిన రొట్టె లోపల బూజు, పైన రాయి. పిల్లలకి జ్వరాలు పట్టుకున్నాయి. ఎర్సీలియా చేతికి పనిలేక, పొద్దున్నే లేచి ఎక్కడికి చూడాలో తెలియక రేకు గోడ వంక చూస్తూ కూర్చునేది.

రెండు నెలలకి మున్సిపాలిటీ నుంచి కబురొచ్చింది. వెళ్లేసరికి వాల్దంబ్రీనిగారు బల్ల వెనక కూర్చుని ఉన్నారు. పక్కన నజ్జరేనో తల వంచుకుని నిలబడ్డాడు. బల్ల మీద రెండు కాగితాలు.

"శరదృతువులో మంత్రిగారు వస్తున్నారు," అన్నారాయన. "స్తంభం ఎందుకు పడిందో లెక్క తేలాలి. తేల్చాం. పదకొండు రోజులు పగలూ రాత్రీ ఆగకుండా మంట పెట్టావు. ఆ వేడికి రాయి పగిలింది. మీ బంట్రోతు స్వదస్తూరీతో రాసిన రుజువులున్నాయి, రోజూ ముద్రతో సహా."

ఎర్సీలియా నజ్జరేనో వంక చూసింది. వాడు నేల చూస్తున్నాడు. వాళ్ల ఆచారాన్నే తీసుకుని, వాళ్ల పిల్లాడి చేతిరాతనే తీసుకుని, ఆమె మెడకి ఉరి పేనారు.

"పన్నెండో రోజు పొద్దున గాజు బాగానే ఉంది. నేను చూశాను. మీ గునపం దిగాక పగిలింది. మీ కూలీలు విన్నారు. నేను అరవకపోతే నలుగురూ చచ్చేవాళ్లు!"

"కూలీలు ఇప్పుడు సముద్రం అవతల సార్దీనియా దీవిలో పనిచేస్తున్నారు. గాజు ఎక్కడుంది?"

గాజు రాళ్లకుప్పతోపాటు ఊడ్చి పారేశారు.

"రెండో కాగితం చూడు," అన్నారాయన, గొంతు మెత్తబరిచి. "కాలనీలో బట్టీకి లైసెన్సు. ఇటుకలు సర్కారువే. మొదటిదాని మీద సంతకం పెడితే రెండోది ఇవాళే నీ చేతికి. నిన్నెవరూ జైల్లో పెట్టరు. తెలియక చేశావని రాశాం."

"ఆ మొదటిది మొహాన కొడితే?"

"లారీ ఉంది కదమ్మా."

బయట మెట్ల మీద కాలనీ ఆడవాళ్లంతా ఉన్నారు. నజ్జరేనో ముందే చెప్పినట్టున్నాడు, అందరికీ సంగతి తెలుసు. ఎర్సీలియా గుమ్మంలోకి వచ్చి వాళ్లని చూసింది. వాళ్లలో ఎవరైనా 'పెట్టకు' అంటారని చూసింది. ఒక్కరు అన్నా చాలు, లోపలికి వెళ్లి ఆ కాగితం చించేసేది.

"పెట్టవే," అంది జెలింద. "రాయికేం నొప్పి? నా మనవరాలు వారం నుంచి ఆ లారీ రొట్టె నములుతూ పళ్లలోంచి రక్తం కారుస్తోంది."

"అబద్ధం పిన్నీ! నేను పడగొట్టానని రాశారు. మా నాన్న నిలబెట్టిన స్తంభాన్ని నేను పడగొట్టానట!"

"అబద్ధమని మాకందరికీ తెలుసు. చాలదా?"

చాలదు. ఎర్సీలియాకి చాలలేదు. కానీ జెలింద కొంగు పట్టుకుని ఆ మనవరాలు నిలబడి ఉంది, మోకాళ్లు పుల్లల్లా ఉన్నాయి. ఎర్సీలియా లోపలికి వెళ్లి, కలం విరిగేలా నొక్కి, సంతకం పెట్టింది. లైసెన్సు లాక్కుని, ఆర్కిటెక్టుగారి మొహం చూడకుండా వచ్చేసింది.

అక్టోబరులో మూడో స్తంభాన్ని సిమెంటుతో అతికి, ఇనుప పట్టీలు బిగించి మళ్లీ నిలబెట్టారు. చుట్టూ కంచె, లోపల పచ్చగడ్డి. మనిషి వాసన లేకుండా శుభ్రంగా ఉంది. ప్రారంభోత్సవం విందుకి అరవై రొట్టెలు కావాలని ఆర్డరు వచ్చింది ఎవరికనుకున్నారు? ఎర్సీలియాకే. చుట్టుపక్కల అంత మంచి రొట్టె కాల్చేవాళ్లు ఇంకెవరూ లేరట.

ఆమె ఒప్పుకుంది. కొత్త బట్టీ రొట్టె మంత్రుల నోటికి ఎలా ఉంటుందో చూడాలనుకుంది. జెలింద, తను, ఇంకో ఇద్దరు బుట్టలు మోసుకుని కొండెక్కేసరికి పాలరాతి పలక మీది గుడ్డ తీస్తున్నారు. మైకులో ఎవరో చదివారు.

"కార్డినల్‌గారి ఔదార్యంతోనూ, డ్యూక్‌గారి కళాభిమానంతోనూ శతాబ్దాలుగా రక్షణ పొందిన ఈ ఆలయంలోని మూడో స్తంభం, ఎర్సీలియా చెకారెల్లీ అనే రొట్టెల స్త్రీ అజ్ఞానపు మంటల వల్ల కూలిపోగా, ఆర్కిటెక్టు వాల్దంబ్రీని విజ్ఞానంతో పునరుద్ధరింపబడినది."

చప్పట్లు. ఎర్సీలియా బుట్ట పట్టుకుని నిలబడిపోయింది. ఆ గుడికి పందొమ్మిది వందల ఏళ్లు. తలుపులు కరిగించినవాడి పేరు అందులో లేదు. దేవతని సున్నం చేసినవాడు ఉన్నాడు, దాతగా. నాలుగు స్తంభాలు మోసుకుపోయినవాడు ఉన్నాడు, కళాభిమానిగా. పడగొట్టినవాడు ఉన్నాడు, నిలబెట్టినవాడుగా. ఆ గుడికి చెడు చేసినట్టు రాతికెక్కిన పేరు మొత్తానికి ఒక్కటే, ఆమెది.

విందు బల్ల దగ్గర ముత్యాలహారం వేసుకున్న ఒక పట్నం ఆవిడ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "అబ్బ, ఎంత బాగుంది! అన్నట్టు ఎవరండీ ఆ ఎర్సీలియా?"

"ఎవరో పాతకాలపు మొద్దు మనిషి," అన్నారు వాల్దంబ్రీనిగారు అటు తిరిగి చూడకుండానే.

"పాతకాలపుదాన్ని కాదండీ," అంది ఎర్సీలియా. గొంతు ఆమె అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. "నేనే. మీరు తింటున్నది నా మంట మీద కాలిన రొట్టే. రాయి పగలగొట్టే మంటట అది, పలక మీద రాశారు చూడండి. మీ కడుపులు జాగ్రత్త."

ఆవిడ చేతిలోని ముక్క బల్ల మీద పెట్టేసింది. నల్లచొక్కాలవాడొకడు ముందుకొచ్చాడు. ఎర్సీలియా వాడి ముందే బల్ల మీది రొట్టెలన్నీ ఒక్కొక్కటే తీసి బుట్టల్లో వేసుకుంది. మంత్రిగారి విందులో ఆడదాన్ని పట్టి లాగడం బాగుండదనుకున్నాడేమో, వాడు ఆగిపోయాడు. ఆర్కిటెక్టుగారు మాత్రం పళ్లు కొరుకుతూ అన్నారు.

"ఆ లైసెన్సు ఇచ్చినవాణ్ని నేనే. గుర్తుందా?"

"ఉంది. రేపొచ్చి లాక్కోండి. రేపు పొద్దున బట్టీలో రొట్టె ఉంటుంది, ఆలోచించుకుని రండి."

కొండ దిగుతుంటే జెలింద దారి పొడుగునా తిట్టింది. బుద్ధి లేదంది, పిల్లల నోట్లో మట్టి కొట్టావంది, రేపటి నుంచి మళ్లీ లారీ కోసం చూడాలంది. ఎర్సీలియా బుట్ట చెయ్యి మార్చుకుని నడుస్తూనే ఉంది. సగం దారిలో జెలింద ఆయాసపడుతూ రాయి మీద కూర్చుని, బుట్టలోంచి మంత్రిగారి రొట్టె ఒకటి తీసి మోకాలి మీద విరిచింది. పెద్ద సగం ఎర్సీలియా చేతిలో పెట్టి, "తిను, రేపు తెల్లారకముందే పిండి కలపాలి," అంది.